ఉడికిన దుంప

మా పుంజు పేరు నోటరీ.
దాని ముద్ర పడందే
పెరట్లో ఏ పనీ చెల్లదు.
తీగ మీద బట్టలు ఆరేయాలన్నా
గంపలో చెయ్యిపెట్టి గుడ్లు తియ్యాలన్నా
ముందు నా పిక్క మీద
ఒక సంతకం.

చిలోయే దీవిలో పది నెలలు వాన,
మిగతా రెండు నెలలూ
వాన వస్తున్నానని చెప్పే గాలి.
ఆ తడిలోనూ వాడి రంగు మాయదు:
డేగ ఎరుపు,
మెడ చుట్టూ తోమిన రాగి.
నీలి గుడ్లు పెట్టే పదకొండు పెట్టలకి
మొగుడూ వాడే, మేస్త్రీ వాడే.

నిరుడు గుప్పెట్లో పట్టేవాడు.
మా మనవరాలు మియ్యరాయ్
సీసా మూతలో నీళ్ళు పోసి తాగించింది,
తన ఉన్నిమేజోడులో పడుకోబెట్టింది.
ఆ మేజోడు ఇప్పటికీ ఒంటిదే.

సలహాలకేం, ఊరంతా ఇచ్చింది.
"పరిగెత్తకు, పరిగెత్తితే గెలిచినట్టు లెక్క రాసుకుంటాడు"
అంది పడవ టికెట్లు చింపే హెర్మిందా.
"తన్నకు, తంతే పందెం అనుకుంటాడు"
అన్నాడు గొర్రెల డాక్టరు.
"చంకలో పెట్టుకుని తిరుగు,
పెట్టల ముందు పరువు పోవాలి వెధవకి."
పక్కింటి ఎలెవుతేరియోది మాత్రం ఒకటే మాట:
"గుమ్మడి ముక్కలు, మొక్కజొన్న కండె, ఉల్లిపాయ.
సన్న సెగ మీద రెండు గంటలు."

చంకలోనే పెట్టుకున్నాను.
ఒక చేత్తో పందికి కుడితి,
ఒక చేత్తో పొయ్యిలో కట్టె,
ఆ చేతికీ నా పక్కటెముకలకీ మధ్య నోటరీ,
దొంగ గడియారంలా
టకటకా కొట్టుకునే గుండె.
పూటంతా మోసి మోసి
నాకే కాస్త అలవాటైంది ఆ వెచ్చదనం.
దించాను.
ఈకలు విదిలించుకున్నాడు,
ఒకసారి అటు చూశాడు,
కాలు దువ్వి
ఎడమ పిక్క.

ఆదివారం మియ్యరాయ్ని పట్టుకున్నాడు.
కంటికి ఒక వేలెడు కింద.
పిల్ల ఏడవలేదు.
రక్తం తుడుస్తుంటే అంది,
"నన్ను గుర్తుపట్టలేదేమో అమ్మమ్మా,
టోపీ పెట్టుకున్నాను కదా."

మా ఆయన బౌదీలియో మారుమాట్లాడలేదు.
వల మెష్ కోసే కత్తి తీసి
రాయి మీద రెండు వైపులా లాగాడు.
పెద్ద గిన్నెలో నీళ్ళు పెట్టాను, ఈకలు పీకడానికి.
పక్క పొయ్యి మీద
రాత్రి కూటికి దుంపలు ఉడుకుతున్నాయి.

దుంపల్ని చూశాక గుర్తొచ్చింది,
మా నాయనమ్మ ఎప్పుడో
ఒక పుంజు కాళ్ళ దగ్గర కూచుని చేసిన పని.

చీకట్లో దండెం మీంచి తీస్తే
ఎంత రౌడీ పుంజైనా
నిద్రలో ఎత్తుకున్న బిడ్డే.
తల నా మోచేతి మడతలో వాల్చాడు.
బౌదీలియో లాంతరు పట్టుకున్నాడు.
చర్మానికి తగలకుండా కింద గుడ్డ చుట్టి
కాలి ముల్లుకి వేడి దుంప గుచ్చి
మియ్యరాయ్ అంకెలు లెక్కపెట్టింది.
నలభై దగ్గర తప్పింది, మళ్ళీ ముప్పైనుంచి.
మెల్లిగా మెలితిప్పితే
ఊడొచ్చింది ముల్లు,
బోలుగా, గవ్వంత తేలిగ్గా.
కింద,
పాలపన్ను ఊడిన చిగురులా
గులాబీ రంగు.
ముగ్గురం కాసేపు ఏమీ అనలేదు.
రెండో కాలికి రెండో దుంప.

కత్తి కోసం కాగిన నీళ్ళతో
మాతే ఆకు కాచుకు తాగాం.

పొద్దున్నే వాన.
బట్టల తీగ దగ్గరకి వెళ్ళాను.
వచ్చాడు, రాకేం,
మెడ నిక్కించి, రెక్క దించి,
చుట్టూ పెట్టలు చూస్తుండగా
ఎగిరి తన్నాడు.
రబ్బరు బూటు మీద
టక్ టక్.
ఎవరో పొరుగువాళ్ళు
నిప్పు అడగడానికి తలుపు తట్టినట్టు.

"ఎవరదీ?" అన్నాను.

ఆ ముళ్ళు రెండూ గుండీల డబ్బాలో ఉన్నాయి.
ఆపిల్స్ రాలే కాలానికి
మళ్ళీ గట్టిపడతాయట, పడనీ.
అటక మీద
నాలుగు బస్తాల దుంపలున్నాయి.